మిట్టమధ్యాహ్నపు మంద

"గీ బొమ్మ ఏసినోడెవడు?"

కోస్గి బస్టాండు గోడ ముందు త్రివేణి వేసిన కేకకు, నిచ్చెన మీదున్న గిరి చేతిలోంచి కుంచె జారింది. పచ్చరంగు తిన్నగా ఆమె చెప్పు మీద పడింది.

"నేనే. ఏమైంది మేడం?"

"ఏమైందా? గాడ పండుకున్నది మా బాపు!"

నిజమే. టీకొట్టు దగ్గర ఆమె తండ్రి ఐలేశాన్ని అడగకుండా ఫోటో తీసి, ఆ ముఖాన్నే వేపచెట్టు కింద నిద్రపోతున్న కాపరికి పెట్టాడు గిరి. పక్కన జొన్నచేను. చెల్లాచెదురుగా మేస్తున్న గొర్రెలు. నడినెత్తిన సూర్యుడు.

"ప్రశాంతమైన మూడ్ రావాలని గట్ల ఏసిన..."

"చేను పక్కన మందనిడిసి పండుకుంటే మూడా? నలభై ఏండ్ల సంది ఒక్కరి చేన్ల గొర్రె మూతి పెట్టనియ్యలే మా బాపు. గిది చూసినంక, ఎరువుకని మా మందను చేన్ల ఆపమని ఎవడన్న పిలుస్తడా?"

గిరి గబగబా దిగాడు.

"ఇంగోటి. నడి ఎండల గొర్రె మేస్తదా? ఒకదాని కింద ఒకటి తలకాయ దూర్చి గుంపుగ నిలవడ్తయి. ఎన్నడన్న చూసినవా?"

"లేదు. మా కొత్తకోటల కూసొని, ఫోన్ల చూసి నేర్చుకున్న."

"సిగ్గులేకుంట చెప్తున్నవ్!"

మర్నాటి నుంచి మూడు రోజులు గిరి మంద వెంటే తిరిగాడు. చినుకులు పడితే త్రివేణి తన గొంగడి అంచు అతని మీదికి విసిరింది. విసిరినందుకు మళ్ళీ ఆమెకే కోపం వచ్చింది.

"చూసేది గొర్రెలనా, నన్నా?"

"కంపోజిషన్ చూస్తున్న."

"గట్లంటే?"

"బొమ్మల ఎవరు ఏడుండాల్నో."

"మరి నేనేడుండాలె?"

గిరి గొర్రెల వైపు తల తిప్పుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

నాలుగో రోజు సాయంత్రం ఐలేశం కూతురితో వచ్చి గోడ ముందు నిలబడ్డాడు. మార్చి వేసిన బొమ్మలో గొర్రెలు తలలు దూర్చుకొని గుంపు కట్టాయి. కాపరి కర్ర మీద గడ్డం ఆనించి చేను వైపే చూస్తున్నాడు. అతని పక్కన, రంగుల్లో త్రివేణి.

"నన్ను లేపి నిలవెట్టినవ్, మంచిదే. నా బిడ్డను ఎవరినడిగి గోడెక్కిచ్చినవ్?"

"ఆమె లేకుంటే బోసిగుంది బాపూ... బొమ్మకూ, నాకూ."

"బాపునంట!" ఐలేశం కర్ర నేలకు కొట్టాడు. "ఏం బిడ్డా, నీకిష్టమేనా?"

త్రివేణి గోడ మీంచి చూపు తిప్పలేదు. "జెడ పొట్టిగ ఏసిండు బాపూ. దగ్గరుండి నేర్పియ్యాలె."

ఐలేశం గిరి వైపు తిరిగి గద్దించాడు. "నీ ఇంట్ల పెద్దలు లేరా?"

"ఉన్నరు."

"ఉంటే ఇంక నిచ్చెన పట్టుకొని ఏం జేస్తున్నవ్? పోయి తోల్కరా!"