ముత్యాల గుండయ్య నిద్ర

గుండయ్య సేటు ఆఫీసు మెట్లెక్కి వచ్చేసరికి ఇస్సాకు చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుతున్నాడు. వచ్చినాయన ముఖం చూసి బిస్కెట్ సంగతే మరిచిపోయాడు. అది కాస్తా విరిగి చాయ్‌లో పడింది. పత్తర్‌గట్టిలో తాతలనాటి ముత్యాల దుకాణం నడిపే మనిషి, ఎంత గడుసు గిరాకీ ముందైనా తొణకనివాడు, ఆ పూట గుమ్మంలో నిలబడి తన రెండు చేతులనూ పరాయివాళ్లవి చూసినట్టు చూసుకుంటున్నాడు.

ఆర్టీసీలో కండక్టరుగా రిటైరై డిటెక్టివ్ విమలాదేవి దగ్గర చేరాక ఇస్సాకు రకరకాల మనుషుల్ని చూశాడు. పోయిన సొమ్ముకు ఏడ్చేవాళ్లనూ, పక్కింటివాళ్ల మీద కారాలూ మిరియాలూ నూరేవాళ్లనూ చూశాడు. తన మీద తనే ఫిర్యాదు మోసుకొచ్చినవాణ్ణి చూడటం మాత్రం ఇదే మొదలు.

"దొంగను పట్టుకోవాలె మేడం," అన్నాడు గుండయ్య. "ఆ దొంగ నేనేనేమో అని నా భయం."

విమలాదేవి కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చి, ఆయన తాగేదాకా ఊరుకుంది. జహనుమాలో అర్చకుల ఇంట పుట్టిన ఆవిడకు తొందర అనేది ఒంట్లో లేదు. అవతలివాడు తనంతట తాను చెప్పేదాకా ఆగగలదు, ఆవిడ తెలివిలో సగం అదేనని ఇస్సాకు నమ్మకం.

సంగతి ఇది. ముత్యం మెరుపు చూసి వెల కట్టే ఆ కళ్లకు శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ తప్పదన్నారు. రెండుసార్లు ఆసుపత్రి దాకా వెళ్లి, కంటిమీదికి దీపం వంచగానే ఊపిరాడక లేచి వచ్చేశాడు. కంటి డాక్టరే ఆయన్ను హిప్నోథెరపీ చేసే డాక్టర్ శ్రీహిత దగ్గరికి పంపాడు. అఫ్జల్‌గంజ్‌లో ఆమె క్లినిక్‌కు నాలుగు వారాలు వెళ్లాడో లేదో గుండె నిబ్బరం చిక్కింది. పిల్లి నడిచినా లేచే మనిషి ఇప్పుడు ఆదమరిచి నిద్రపోతున్నాడు. గురువారం ఆపరేషన్ అనుకున్నారు. ఇంతలో ఇంట్లో బీరువాలోంచి సత్‌లడా మాయమైంది. తాతల కాలపు ఏడు పేటల ముత్యాల హారం అది. తాళం పగల్లేదు. తాళంచెవి ఎప్పుడూ గుండయ్య మొలతాడుకే ఉంటుంది.

"నా కొడుకు వరుణ్ ఏమంటడంటే, డాక్టరమ్మ నన్ను నిద్రల పెట్టి తెమ్మన్నదట, నేనే తీస్కపొయ్యి ఇచ్చిన్నట, నాకు యాది లేదట. అదే నిజమైతే ఈ చెయ్యి నాది కాదు గద మేడం. నా మీద నాకే నమ్మకం లేనప్పుడు ఆపరేషన్ బల్ల ఎట్లెక్కాలె? కండ్లు పోతే పోనీ అనుకుంటున్న."

కండువా కొసతో కళ్లు ఒత్తుకున్నాడు.

"క్లినిక్‌ల ఆమె చెప్పిన మాటలు తర్వాత గుర్తుంటయా?" అని విమలాదేవి అడిగింది.

అన్నీ ఉంటాయన్నాడు గుండయ్య. బయట ఆటోల హారన్లు సైతం వినిపిస్తూనే ఉంటాయట. విమలాదేవి తలాడించి కేసు తీసుకుంటానంది. గుండయ్య వెంటనే తన కండువా ఇస్సాకు చేతిమీద కప్పి, దాని కింద వేళ్లు నొక్కాడు. ఇస్సాకు ఉలిక్కిపడ్డాడు. విమలాదేవి నవ్వింది. ముత్యాల బజారులో పాత పద్ధతి అది. వెల నోటితో అనరు, పక్కవాడికి తెలియకుండా గుడ్డ కింద వేళ్లతోనే బేరం తెంచుకుంటారు. ఫీజు సంగతి అలా వేళ్ల మీదే తేలిపోయింది.

ఇద్దరూ పత్తర్‌గట్టి వెళ్లారు. దుకాణం పైనే ఇల్లు. బీరువాలో సత్‌లడా పెట్టే మఖ్మల్ పెట్టె ఉన్నచోటే ఉంది. హారాన్ని చుట్టి ఉంచే మల్‌మల్ గుడ్డ మాత్రం లేదు. విమలాదేవి ఖాళీ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి ఉన్నచోట పెట్టేసింది.

వరుణ్ మాటలు నిప్పులు కక్కాయి. పోలీసులకు చెప్పి క్లినిక్‌కు తాళం వేయిస్తానన్నాడు. ఆ క్లినిక్ మెట్టు తానెన్నడూ ఎక్కలేదనీ, నాన్నను తీసుకెళ్లేది అమ్మేననీ చెప్పాడు. కండువా కింద బేరాలు తనకు గిట్టవట. దుకాణంలో ప్రతి వస్తువుకూ తానే ధర చీటీ కట్టించాడట. "గా వేళ్ల లెక్క నేను నేర్సుకోలే," అన్నాడు ఘనకార్యంలా.

గుండయ్య భార్య నాగమణమ్మ అందరికీ భోజనం వడ్డించింది. జొన్నరొట్టె, వంకాయ కూర. గుండయ్య రొట్టె తుంచుతూ గొణిగాడు. సత్‌లడా పోయిన కాన్నుంచి ఇంట్లో మెతుకు లేదట. అది దొరికేదాకా బియ్యం ముట్టనని మొక్కుకున్నానని నాగమణమ్మ చెప్పింది. తాను ముత్యాల దలాలీ ఇంటి ఆడపిల్లననీ, తొట్లెలో ఉన్నప్పుడే ముత్యం రంగులు నేర్చాననీ అంది. శ్రీహిత పేరెత్తగానే ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"ఆమె డాక్టరు గాదమ్మా. నిద్రల ఉన్న మనిషితోని బేరం కుదుర్చుకున్నది," అంది.

ఇస్సాకు ఆ మాటను రొట్టెతోపాటే మింగేశాడు. విమలాదేవి మాత్రం నమలడం ఆపింది.

మర్నాడు అఫ్జల్‌గంజ్ వెళ్లారు. ఎగ్జిబిషన్లో హిప్నాటిజం అంటూ మనుషుల్ని కోడిలా కూయించడం చూసినవాడు కనుక ఇస్సాకు శ్రీహిత కళ్లలోకి చూడకుండా జాగ్రత్తపడ్డాడు. ఆమె గమనించి నవ్వుకుంది. అతనికి మోకాలు నొప్పి ఉందని తెలుసుకుని, ఒకసారి ప్రయత్నిద్దామా, ఇష్టం లేకపోతే వద్దు అంది. విమలాదేవి కనుసైగ చేసింది. ఇస్సాకు యేసయ్యను తలుచుకుని కుర్చీలో వాలాడు.

ఏసీ చలికి శ్రీహిత అతని ఒళ్లో శాలువా కప్పింది. గాజు తలుపు అవతల కూర్చున్న విమలాదేవిని చూస్తూ అతను కళ్లు మూశాడు. శ్రీహిత శాలువా కింద చెయ్యి పెట్టి అతని మణికట్టు పట్టుకుంది. మాట్లాడాలనిపించకపోతే ఫర్వాలేదు, సరే అనుకుంటే చూపుడువేలు ఎత్తండి, వద్దనుకుంటే బొటనవేలు, అంది. తర్వాత ఆమె గొంతు వెంట ఊపిరి నెమ్మదించింది. చిత్రమేమంటే అతనికి అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. కుళాయి చుక్కలు పడటం, కిందెవరో కొత్తిమీర బేరమాడటం. కానీ వాటి గొడవ తనకు పట్టలేదు. లేచాక నొప్పి ఉన్నచోటే ఉంది గానీ పట్టు సడలించింది.

"నిద్ర కాదు, మంత్రం అంతకన్నా కాదు," అంది శ్రీహిత. "మనసును ఒకచోట నిలపడమే. భయానికి, నిద్రలేమికి, కొన్ని నొప్పులకు పనికొస్తుంది. అందరికీ ఒకేలా పని చేయదు. మీ మోకాలు మాత్రం ఎముకల డాక్టరుకు చూపించాలి, నేను ఆయన పని చేయలేను." చివరికి గొంతు తగ్గించి, తన పేరు పోతుందన్న బాధ ఒకటైతే, గుండయ్యగారు ఆపరేషన్ మానుకుంటారేమోనన్న బాధ అంతకు మించి ఉందని చెప్పింది.

మెట్లు దిగుతుంటే విమలాదేవి, "నువ్వు కండ్లు మూసుకున్నంకగాని నాకు కండ్లు తెరుచుకోలే ఇస్సాకూ," అంది. అతనికి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

బుధవారం పొద్దున విమలాదేవి శ్రీహితతో సహా అందరినీ గుండయ్య ఇంట్లోనే కూర్చోబెట్టింది. ఒక పరీక్ష పెడతాననీ, ఏమిటన్నది ముందు చెప్పననీ గుండయ్యను అడిగి ఒప్పించింది. శ్రీహిత మునుపటిలాగే ఒళ్లో శాలువా కప్పి, నెమ్మదిగా మాట్లాడింది. ఆయన ముఖం తేటబడింది. అప్పుడు విమలాదేవి చీటీ మీద రాసిచ్చిన మాటను శ్రీహిత అదే గొంతుతో అంది: "బీరువా తాళంచెవి తీసి నాకివ్వండి."

శాలువా కింద బొటనవేలు లేచింది. గుండయ్య కళ్లు తెరవనైనా తెరవకుండా, "అది తప్ప ఏదన్న అడుగు బిడ్డా," అన్నాడు.

వరుణ్‌కు కూడా నవ్వాగలేదు. గుండయ్య కళ్లు తెరిచి, తన చేతిని ముఖం దగ్గరికి తెచ్చుకుని చూసుకున్నాడు.

"చెయ్యి మీదే సేటూ," అంది విమలాదేవి. "ఈ స్థితిల మనిషికి సోయి ఉంటది. ఇష్టం లేని పని చెయ్యరు. మీరే చెప్పిన్రు, హారన్లు ఇనిపిస్తయి, అన్నీ యాదికుంటయి అని. ఇంక దొంగ ఎవరంటే, ఈ కేసుల దొంగే లేరు. బయట దొంగైతే పెట్టెతో పట్కపోతడు, లేకుంటే ఉత్త ముత్యాలు జేబుల ఏస్కుంటడు. మల్‌మల్‌ల చుట్టి తీస్కపోయినోళ్లకు ముత్యం గీరుకుంటే బాధైతది. గాజు తలుపు బయట కూసున్నోళ్లకు లోపటి మాట ఇనరాదు. శాలువా కింద డాక్టరు చెయ్యి, సేటు చెయ్యి, కదిలే వేళ్లు కనబడ్తయి. మాసొంటోళ్లకు అది వైద్యం. ముత్యాల బజార్ల పుట్టినోళ్లకు అది బేరం."

ఇస్సాకు నోరు తెరుచుకుపోయింది. రొట్టెతో మింగిన నాగమణమ్మ 'బేరం' మాట అప్పుడు గొంతులో కదిలింది.

విమలాదేవి నాగమణమ్మ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"సత్‌లడా దొరికినట్టే అమ్మా. మీ మొక్కు తీరింది. మాకందరికి ఇంత అన్నం వండి పెడ్తరా?"

నాగమణమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. బియ్యం డబ్బా మూత చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చినప్పుడు చేతుల్లో మల్‌మల్ మూట ఉంది. దాని మడతల్లోంచి నాలుగు బియ్యపు గింజలు నేలమీద రాలాయి.

"ఈయన డాక్టరమ్మకు సత్‌లడా అమ్మేస్తున్నడనుకున్న," అంది. "తాతల సొమ్ము చెయ్యి దాటుతదని ఆయన పండుకున్నప్పుడు తాళంచెవి తీసిన. బియ్యంల తేమ అంటదని అండ్ల దాచిన. వరుణ్ లొల్లి చేసినంక, పోనీ, గీ డాక్టరమ్మ పీడన్న పోతదని నోరు మూసుకున్న. ఆయన తన చేతికే భయపడ్తడని నాకు ఎర్కలేదు." శ్రీహిత దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకుంది. "తప్పయింది బిడ్డా. తలుపు తీసి ఒక్క మాట అడిగితే అయిపోతుండె."

తప్పు తనది కూడా అంది శ్రీహిత. మనిషిని లోపలికి తీసుకెళ్తూ, బయట కూర్చున్న మనిషికి ఏం జరుగుతుందో చెప్పాలన్న బుద్ధి తనకు లేకపోయిందట. ఏ వేలికి ఏ అర్థమో నాగమణమ్మకు అప్పుడే విడమరిచి చెప్పింది. వరుణ్ తల వంచుకుని క్షమించమన్నాడు. ఆ పూట అందరూ అన్నమే తిన్నారు. గుండయ్య మూడోసారి పెట్టించుకున్నాడు.

గురువారం ఆసుపత్రికి ఇస్సాకూ వెళ్లాడు. పనేమీ లేదు, ఊరికే ఉండబట్టలేక వెళ్లాడు. ఆకుపచ్చ దుప్పటి కప్పిన గుండయ్యను స్ట్రెచర్ మీద తోసుకెళ్తున్నారు, పక్కనే శ్రీహిత నెమ్మదిగా ఏదో చెబుతూ నడుస్తోంది. నాగమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెంటే వెళ్లింది. ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర బండి ఆగింది. దుప్పటి అంచు కొంచెం కదిలి, కింది నుంచి ఒక వేలు పైకి లేచింది. చూపుడువేలు.

నాగమణమ్మ కొంగు తీసేసింది. ఆమె కళ్లు నీళ్లతో మెరుస్తున్నాయి.

"సరే అంటున్నడు," అని ఇస్సాకుతో చెప్పి, తాను కూడా చూపుడువేలు ఎత్తి చూపించింది.