ఐదో గంట, ఆరో గంట

"ఎవరండీ ఆ గంటలు తగలేస్తున్నది? మా గెస్టులు పెట్టెలు సర్దుకుంటున్నారు!"

వానలో తడిసి ముద్దై, చర్చి గోపురం మెట్లన్నీ ఎక్కి రొప్పుతూ జెమైమా మమ్మల్ని పలకరించిన తీరిది. ఎదురు సందులో, ఎన్నో తరాలుగా పక్కకి ఒరిగి నిలబడ్డ కొయ్య దూలాల ఇంట్లో గెస్ట్‌హౌస్ తెరిచి అప్పటికి వారమే.

మా గంటల జట్టు పెద్ద మిసెస్ పార్జెటర్ తొణకలేదు. "ఐదో తాడుకి మనిషి లేదమ్మాయ్. ఎలాగూ వచ్చావు, ఓ చెయ్యి వెయ్యి. తిట్లు తర్వాత."

వేసిన చెయ్యి మరి తియ్యలేదు. శీతాకాలం వచ్చేసరికి జెమైమా మాలో ఒకతె అయిపోయింది. ఖర్మ కాలింది నాకే.

ఆరుగురం గుండ్రంగా నిలబడి, ఒకరి తర్వాత ఒకరు తాడు లాగుతాం. మనకి ముందు లాగేవాళ్ళ చేతుల మీదే చూపుండాలి. చూపు తప్పిందా, రెండు గంటలు ఒక్కసారే ఠంగుమంటాయి; దాన్నే గుద్దడం అంటాం. ఊరంతా వింటుంది. నాది మూడో తాడు. నేను చూడాల్సింది రెండో తాడు లాగే పోస్టాఫీసు ఆల్బర్ట్‌ని, బట్టతలాయన్ని. ఎదురుగా జెమైమా, చేతులు ఖాళీ లేక ముంగురుల్ని ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుంటూ. మీరైతే ఎవర్ని చూస్తారు?

"నిన్న మళ్ళీ గుద్దేశావటగా నెడ్?" అని మర్నాడు మాంసం కొట్టాయన కన్ను కొట్టేవాడు. "పాపం, ఆ అమ్మాయికి తెలుసా?"

ఊరందరికీ తెలుసు. ఆ అమ్మాయికే తెలియదు. ఆవిడగారు అనుకున్నది వేరు.

గురువారం సాధనలో మళ్ళీ ఠంగ్. జెమైమా తాడు కట్టేసి నా మీదికొచ్చింది.

"ఎల్లుండి మా అక్క పెళ్ళి. అప్పుడూ ఇంతేనా? మొదటిరోజు తిట్టానని ఇంకా కక్ష తీర్చుకుంటున్నావా? నేనంటే పడకపోతే చెప్పెయ్, ఇక రాను."

రాదట!

"కక్షా నా బొందా! ఆల్బర్ట్‌ని చూడమంటే నిన్ను చూస్తున్నాను. అదీ నా రోగం. నువ్వంటే నాకిష్టం, జెమైమా."

ఆల్బర్ట్ దగ్గాడు. జెమైమా గొడుగు తీసుకుని మెట్లు దిగిపోయింది.

"ఈ ముక్క ముందే ఏడవచ్చుగా?" అన్నారు మిసెస్ పార్జెటర్. "ఎల్లుండి నీది ఆరో తాడు. ఐదో దాన్ని చూడ్డమే నీ పని. తనివితీరా చూడు."

"ఆ పిల్ల వస్తేగా!" అన్నాను.

శనివారం పెళ్ళయిపోయింది. కింద తలుపులు తెరుస్తున్నారు. ఐదో తాడు ఖాళీగా వేలాడుతోంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అంతలో మెట్ల మీద పరుగు. నీలం గౌను ఎత్తి పట్టుకుని, బూట్లు చేత్తో పట్టుకుని జెమైమా వచ్చింది. నా వంక చూడనైనా లేదు. వెళ్ళి తాడు అందుకుంది.

మొదలుపెట్టాం. నేను ఆమె చేతుల్నే చూస్తూ లాగాను. జన్మలో అంత చక్కగా కొట్టలేదు.

ఠంగ్!

"నేను కాదు!" అని అరిచాను.

నిజంగానే కాదు. ఐదో గంట వెళ్ళి నాలుగోదాన్ని గుద్దింది. జెమైమా చెవుల దాకా ఎర్రబడింది.

"అమ్మాయ్," అన్నారు మిసెస్ పార్జెటర్, నాలుగో తాడు లాగుతూనే. "నువ్వు చూడాల్సింది నన్ను. వాణ్ణి కాదు."

కింద పెళ్ళి జనం ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు.

"జెమైమా," అన్నాను, "మొన్న నేనన్నదానికి నువ్వింకా బదులు చెప్పలేదు."

"ఊరంతా విన్నది," అంది, ఈసారి దాచుకోకుండా నన్నే చూస్తూ. "నీ ఒక్కడికే వినపడలేదా?"