జీపు తిన్నె మీద చక్రాల చప్పుడు

ఆ తిన్నె మంచిది కాదట. చీకటి పడ్డాక అటువైపు ఎవరూ వెళ్లరట.

పరాయి దేశంలో అడవి అంచున ఒక బస. సఫారీ జీపులు ఆగేచోట నడుమెత్తు సిమెంటు తిన్నె, దాని మీదికి చక్రాల కుర్చీల కోసం కట్టిన ఏటవాలు దారి. తిన్నె ఎక్కితే చాలు, కుర్చీ నేరుగా జీపులోకి వెళ్తుంది. ఎప్పుడో ఒక పెద్దావిడను ఆ వాలు కింద కుర్చీలో వదిలేసి ఇంటిల్లిపాదీ జంతువుల్ని చూడ్డానికి పోయారట. తిరిగొచ్చేసరికి... కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది, ప్రాణం లేదు. అప్పట్నుంచి రాత్రిళ్లు వాలు మీద చక్రాల చప్పుడు వస్తుందని జీపు డ్రైవరు మా పిన్నితో గుసగుసగా చెప్పాడట.

"చచ్చినా ఎక్కలేకపోతోందన్నమాట, పాపం," అంది పిన్ని.

ఆవిడ నాతో చెప్పిందే చెబుతున్నాను. ఇందులో కోపం సగం ఆవిడది, సగం నాది.

పిన్ని ముప్ఫై ఏళ్లు బడిలో జంతుశాస్త్రం చెప్పింది. నల్లబల్ల మీద గీసిన ఏనుగులకు లెక్కలేదు, కంచె లేకుండా ఎదురుగా చూసింది ఒక్కటీ లేదు. కాళ్లు పడిపోయాక ఆ కోరిక మరీ ముదిరింది. కూతురు, అంటే మా చెల్లి, చక్రాల కుర్చీలకు అనువైన సఫారీ అని వెతికి వెతికి దీన్ని పట్టుకుంది. ఫొటోలు చూసి సరేనన్నది మాత్రం బాబాయే. కట్టిన భవనాలు తనిఖీ చేసి సంతకం పెట్టే ఉద్యోగం చేసినవాడాయె, ఆయన మాటకి తిరుగేముంది? వాలుంది, పట్టుకోవడానికి కమ్మీ ఉంది, ఇంకేం కావాలన్నాడట.

తీరా వెళ్లి చూస్తే అది వాలు కాదు, గోడకి చేరేసిన బల్లచెక్కలా నిటారుగా ఉంది. నెట్టబోతే కుర్చీ వెనక్కి తిరగబడబోయింది. చివరికి నలుగురు పట్టుకుని పిన్నిని బస్తాలా జీపులోకి ఎత్తారు. ఎవడి చెయ్యి ఎక్కడ పడిందో చెప్పడానికి కూడా ఆవిడకి నోరు రాలేదు. పక్కనుంచి బాబాయి ఒక్క నిమిషం ఓర్చుకో, ఓర్చుకో అంటూనే ఉన్నాడట. ఒళ్లు మండదూ మరి? ఆ రోజు కనిపించినవి నాలుగు జింకలూ, బోలెడు దుమ్మూ.

రెండో రోజు పిన్ని రానని భీష్మించుకుంది. సాయంత్రం సఫారీ నుంచి తిరిగొచ్చి బాబాయి ఫోన్లో ఏనుగుల మందను చూపించబోయాడు.

"ఫోన్లో చూడ్డానికైతే ఇంత దూరం దేనికండీ?" అని ముఖం తిప్పేసుకుంది.

ఇక మిగిలింది మర్నాటి పొద్దుటి సఫారీ ఒక్కటే. మళ్లీ బస్తాలా ఎత్తించుకోవాలి, లేదా ఏనుగుల మాట మరిచిపోవాలి. పుండు మీద కారం చల్లినట్టు, నీ మొండితనంతో అందరికీ ఇబ్బంది అనేసి బాబాయి అటు తిరిగి పడుకున్నాడట.

అర్ధరాత్రి దాటాక పిన్నికి మెలకువ వచ్చింది.

కిర్ర్...

మంచం పక్కనే కిటికీ. కిటికీకి ఎదురుగా ఆ తిన్నె. పిన్ని దెయ్యాల్ని నమ్మదు. అయినా... మెల్లగా తెర పక్కకి లాగింది.

వాలు మీద చక్రాల కుర్చీ. అందులో తల నుంచి కాళ్లదాకా తెల్లటి ముసుగు కప్పుకున్న ఆకారం — కుర్చీ మూరెడు పైకి పాకింది... ఆగింది... జర్రున వెనక్కి జారింది. మళ్లీ మూరెడు పైకి — మళ్లీ వెనక్కి.

చెల్లి గదికి పోదామని పిన్ని కుర్చీ కోసం మంచం పక్కన తడిమింది.

కుర్చీ లేదు.

అది లేకుండా ఆవిడ మంచం దిగలేదు. ఆ క్షణాన భయం కన్నా ఉక్రోషమే ఎక్కువైందట. ఉన్న ఒక్క ఆధారాన్నీ దెయ్యం కూడా ఎత్తుకుపోవాలా? బాబాయిని లేపుదామని ఇటు తిరిగింది. పక్క ఖాళీ. కప్పుకున్న దుప్పటీ లేదు.

"ఏమండీ..." అంది కిటికీలోంచి, సన్నగా.

ఆకారం ఉలిక్కిపడింది.

"నేనేనే," అంది చలికి కప్పుకున్న ముసుగులోంచి బాబాయి గొంతు. "మధ్యలో ఇరుక్కుపోయాను. చేతులు వదిలితే వెనక్కి పోతాను... పైకి పోవడం నా వల్ల కావట్లేదు."

పిన్ని తెర పూర్తిగా లాగేసింది. బాబాయే మళ్లీ నోరు విప్పాడు.

"ఇలాంటివి ఎన్నింటికి సంతకం పెట్టానో. ఒక్కదాని మీదైనా కుర్చీలో కూర్చుని ఎక్కి చూడలేదు."

పిన్నికి కోపం చల్లారలేదట. చల్లారిందని నేను అబద్ధం చెప్పను. కానీ ముందుకి వంగమని, పట్టు కొద్దికొద్దిగా సడలిస్తూ దిగమని, బడిపిల్లాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది. ఆయన నేల మీదికి చేరడానికి పావుగంట పట్టింది.

తెల్లారకముందే బాబాయి డ్రైవర్ని లేపి, పొడవాటి చెక్కలు తెప్పించి, తిన్నె అంచు నుంచి దూరంగా నేల మీదికి పరిపించాడు. అక్కడి పనివాళ్లంతా సరిపోయిందన్నారు. బాబాయి వాళ్ల మాట వినలేదు. పిన్ని దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నువ్వు చెప్పు. సరిపోయిందా?"

ఆ మాట ఆవిణ్ణి అడగడం ఆ ప్రయాణం మొత్తంలో అదే మొదటిసారట. పిన్ని చెక్కల్ని ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూసింది.

"లేదు. ఇంకో బారెడు పొడవుండాలి."

చెక్కల కోసం బాబాయి తనే పరుగెత్తాడు. జీపు అరగంట ఆలస్యంగా బయల్దేరింది. పిన్ని తన చక్రాలు తనే తిప్పుకుంటూ ఎక్కింది, ఆవిడ మీద ఎవరి చెయ్యీ పడలేదు.