హీటరు బాగుచేసేవాడు

లెఫ్తేరిస్ తలుపు తెరిచాడు. మెట్ల మీద గావిన్. భుజాల మీద మంచు, చేతిలో స్వీట్ల డబ్బా, మొహం నిండా నవ్వు.

"క్రోనియా పొల్లా" అన్నాడు గావిన్, నేర్చుకున్న గ్రీకు ముక్క తడబడకుండా అప్పజెప్పి. "నూరేళ్లు చల్లగా ఉండమని. సరిగ్గానే అన్నానా?"

"ఎందుకొచ్చావు? నిన్ను పిలవలేదుగా."

"పేరు పండగకి ఎవర్నీ పిలవరు, వచ్చినవాళ్లంతా చుట్టాలే అని నువ్వేగా చెప్పావు?"

చెప్పాడు. తన పేరున్న సెయింటు పండగనాడు గ్రీకుల ఇంటికి ఎవరైనా రావచ్చని. చెప్పినప్పుడు ఇతగాడు నిజంగా ఊడిపడతాడని అనుకోలేదు. లోపల హాల్లో టొరంటో గ్రీకులు సగంమంది ఉన్నారు. ప్రతి అత్త దగ్గరా ఒక పెళ్లికూతురి ఫోటో ఉంది. వాంకూవర్‌లో ఉద్యోగం చూసుకున్నదే ఈ హాల్లోంచి పారిపోవడానికి. జనవరిలో తనూ గావినూ రైలెక్కేస్తే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. అదీ మనవాడి గొప్ప పథకం.

"ఎవర్రా అది? చలిలో నిలబెట్టి మాట్లాడతావేం?" అంటూ నాన్న స్టమాటిస్ రానే వచ్చాడు.

లెఫ్తేరిస్ డబ్బా లాక్కుని కోట్ల వెనక్కి తోసేశాడు. "హీటరు బాగుచేసేవాడు నాన్నా. ఏదో శబ్దం వస్తోందని నేనే పిలిచాను."

గావిన్ నవ్వు ఆరిపోయింది. ఒక్క క్షణం లెఫ్తేరిస్ కేసి చూసి, "అవునండీ. ఎక్కడుంది హీటరు?" అన్నాడు.

చిన్నపిల్లలకు పియానో నేర్పే గావిన్ బేస్‌మెంట్‌లో మోకాళ్ల మీద కూర్చుని, నిక్షేపంలా పనిచేస్తున్న హీటరు మూత ఊడదీశాడు. నాన్న దగ్గరుండి టార్చి పట్టాడు. చివరికి టార్చి కొడుక్కిచ్చి అతిథుల కోసం పైకి వెళ్లాడు.

"ఇంత బాగా అబద్ధమాడతావని తెలీదు" అన్నాడు గావిన్ వెనక్కి తిరక్కుండా.

"తప్పయిపోయింది. కొన్నాళ్లు ఓపిక పట్టు. వాంకూవర్‌లో మనల్ని అడిగేవాళ్లుండరు."

"అక్కడా ఎవరో ఒకరు తలుపు కొడతారు లెఫ్తీ. అప్పుడు నేనెవర్ని? పంపు బాగుచేసేవాడినా?"

లెఫ్తేరిస్‌కు తలెత్తబుద్ధి కాలేదు. ఇన్నాళ్లూ తను మగవాణ్ణి ప్రేమించేవాడినని సిగ్గుపడుతూ వచ్చాడు. మసి పట్టిన గావిన్ వేళ్లను చూస్తుంటే ఇప్పుడు వేస్తున్న సిగ్గు ముందు అదంతా దిగదుడుపు.

"రైలు నువ్వెక్కు" అన్నాడు గావిన్ లేచి. "నేను రాను."

పైకొచ్చి కోటు అందుకోబోతుంటే స్టమాటిస్ అడ్డం వచ్చాడు. "పండగపూట ఈ ఇంట్లోంచి ఎవరూ ఖాళీ కడుపుతో వెళ్లరు. కూర్చో బాబూ."

"ఇంకో ఇంటికి వెళ్లాలండీ."

ఇప్పుడు నోరు విప్పకపోతే ఈ మనిషి మళ్లీ రాడు. లెఫ్తేరిస్ తండ్రి వైపు తిరిగాడు.

"నాన్నా, ఇతను హీటరు బాగుచేసేవాడు కాదు. గావిన్. నా మనిషి. పెళ్లంటూ చేసుకుంటే ఇతన్నే చేసుకుంటాను. ఆ కోట్ల వెనక స్వీట్ల డబ్బా తను తెచ్చిందే."

హాల్లో స్పూన్ల చప్పుడు ఆగిపోయింది. నాన్న మొహం కందగడ్డయింది.

"సిగ్గులేదురా నీకు?"

ఊహ తెలిసినప్పటి నుంచీ లెఫ్తేరిస్ భయపడ్డ మాట అదే. తల దించుకున్నాడు.

"పండగపూట స్వీట్లు పట్టుకుని గడప తొక్కిన మనిషి చేత మసి పని చేయిస్తావా? పక్కన నిలబడి నాచేత టార్చి పట్టిస్తావా? ఇంటికొచ్చినవాణ్ణి ఇంతలా అవమానించారని తెలిస్తే నేను నలుగురిలో తలెత్తుకోగలనా?"

తర్వాత ఆయన గొంతు తగ్గింది. ఎవరి మొహమూ చూడలేదు.

"మిగతాది నాకు ఇవాళ మింగుడుపడదు. ముందు అతనికి సబ్బు, తువ్వాలు ఇవ్వు."

సింకు దగ్గర గావిన్ వేళ్లు తనే రుద్ది కడిగాడు లెఫ్తేరిస్.

"నన్ను క్షమిస్తావా?"

"అందరి దగ్గరికీ తీసుకెళ్లి నా పేరు చెప్పు. తర్వాత ఆలోచిస్తా."

చెవులు ఎర్రబడుతుండగా ఒక్కొక్కరి దగ్గరా ఆగి చెప్పాడు లెఫ్తేరిస్. కొందరు తల పంకించారు, కొందరు ప్లేటులోకి చూసుకున్నారు. ఒకావిడ ఫోటోని చేతిసంచిలో పెట్టేసుకుంది.

తలుపు పక్క సోఫాలో నానమ్మ, ఒళ్లో స్వీట్ల డబ్బా. అప్పటికే సగం ఖాళీ.

"నానమ్మా, ఇతను గావిన్."

"తెలుసులేరా. క్రోనియా పొల్లా చెప్పే హీటరువాణ్ణి నేను ఎక్కడా చూడలేదు" అంది నానమ్మ, గావిన్ చేయి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంటూ. "నువ్వెప్పుడు చెబుతావా అని కూర్చున్నాను."