పలకలెత్తిన సభ

“నాకు గుండె దడగా ఉందే సత్యవేణీ! ఇవాళ సభలో మీ నాన్నగారి సంగతి బయటపడిపోద్దేమో!”

పాలు పొంగుతున్నా చూసుకోకుండా అంది వీరాయమ్మ. ఆ రోజు అంబాజీపేట పక్క ఊళ్ళో, బడి ఆవరణలో, సత్యవేణి తండ్రి బంగారరాజు మాస్టారికి వీడ్కోలు సభ. యుద్ధానికి ముందూ, పట్టాళం నుంచి తిరిగొచ్చాకా ఆయన పాఠాలు చెప్పింది ఆ బళ్ళోనే. బర్మా సరిహద్దులో పడిన బాంబు ఆయనకి వినికిడి లేకుండా చేసిందని మాత్రం తల్లీకూతుళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఎదుట నిలబడి మాట్లాడితే పెదవులు చూసి గ్రహిస్తారు. బళ్ళో పిల్లలు జవాబు నోటితో చెప్పకూడదు, పలక మీద రాసి పైకెత్తాలి. ‘పట్టాళం పద్ధతి’ అనేవారు మాస్టారు. వీధిలో ఎవరైనా వెనకనుంచి పిలిస్తే వీరాయమ్మ ఆయన చొక్కా అంచు లాగేది.

“బయటపడితే ఏమవుద్దమ్మా? ఉద్యోగం నిన్నటితో అయిపోయింది కదా,” అంది సత్యవేణి గిన్నె దించుతూ.

“నవ్వుతారే! చెవుడు దాచి ఇన్నాళ్ళూ మా పిల్లల్ని మోసం చేసేరంటారు. ఆయన తలెత్తుకు తిరగ్గలరా?”

మాస్టారు ఖాకీ చొక్కా తొడుక్కుని వచ్చారు. వీరాయమ్మ గబగబా ఆయన ఎదురుగా నిలబడింది.

“ఏవండీ, జ్వరమని కబురు పెట్టేద్దామండీ. వెళ్ళొద్దు.”

“జ్వరం లేదుగా,” అన్నారాయన.

“ఆ జనంలో ఎవరు ఏమంటున్నారో మీకెలా తెలుస్తుందండీ?”

సత్యవేణికి కోపం ఆగలేదు. “నీ భయంతో నాన్నగారు ఒక పెళ్ళికెళ్ళలేదు, ఒక జాతరకెళ్ళలేదు. బర్మాలో ఏం జరిగిందో ఆయన చెప్పలేదు సరే, నువ్వు ఒక్కసారైనా అడిగేవా?”

“అడిగితే ఏం వినాల్సొస్తుందోనని...” వీరాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కూతురి మొహం అటు తిరిగి ఉండడంతో మాస్టారికి ఆ మాటలు అందలేదు. భార్య కన్నీళ్ళు మాత్రం చూశారు. “నువ్వూ రా. ఎప్పట్లాగే వెనక నిలబడు,” అన్నారు మెల్లగా.

బడి ఆవరణ కిక్కిరిసి ఉంది. మునసబు సత్తిరాజు గారు లేచి నిలబడ్డారు. చిన్నప్పుడు ఆయనా మాస్టారి దగ్గరే చదువుకున్నారు. ఉపన్యాసం మొదలవుతుందని వీరాయమ్మ మాస్టారి చొక్కా అంచు పట్టుకుంది. సత్తిరాజు గారు నోరు విప్పలేదు. చంకలోంచి పలక తీసి రెండు చేతులా ఎత్తారు.

‘మాస్టారూ, మాకు మొదటిరోజే తెలుసండి.’

ఆయన వెనక పలకలు లేచాయి. నెరిసిన మీసాల వాళ్ళవీ, చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులవీ. ‘తాలూకాఫీసులో గుమాసానండి.’ ‘కొబ్బరికాయల లెక్క మా ఆయనకి రాదండి, నేనే చూస్తానండి.’ మాస్టారు ఒక్కొక్కటీ చదువుతూ, గుమాస్తా గారి ఒత్తు తప్పుని వేలితో చూపించారు. అందరూ గొల్లుమన్నారు.

వీరాయమ్మ పక్కన పలకతో నిలబడ్డ పొరుగింటి సుందరమ్మ చెయ్యి పట్టుకుంది. “మీకూ తెలుసా?”

“ఆయ్, తెలుసండి. మీరంత కష్టపడి దాస్తుంటే తెలుసని ఎలా చెప్తామండీ?”

వీరాయమ్మ ఏడుస్తూనే నవ్వింది. చొక్కా అంచు వదిలేసి, సుందరమ్మ పలక తీసుకుని ఆయన ఎదుటికి వెళ్ళింది. పెళ్ళయ్యాక ఆయన నేర్పిన అక్షరాలే వంకరటింకరగా రాసి ఎత్తింది.

‘బర్మాలో ఏం జరిగిందండీ?’

మాస్టారు ఆ పలకనే చూస్తూ ఉండిపోయారు. ఆమె చేతులు నొప్పిపుట్టాయి గాని దించలేదు.

చివరికి ఆయన గొంతు ఆవరణంతా మోగింది.

“బడి పెట్టేను వీరాయమ్మా! సిపాయిలకి పేరు రాయడం నేర్పుతుంటే బాంబు పడింది. పొగలో ఏం కనపళ్ళేదు, ఏం వినపళ్ళేదు. ఒక్కడూ మిగల్లేదనుకున్నాను. పొగ విడేసరికి పలకలు పైకి లేచేయి. ఒకటి తర్వాత ఒకటి. నా పిల్లలందరి పేర్లూ చదివేను!”