తీరిగ్గా చంపే తుపాకీ

"కూర్చో ఆశీర్వాదం. మోకాలు ఎలా ఉంది?"

"ఉందండి."

కాకినాడ ఫిషింగ్ హార్బర్ వెనక ఒక ఐస్ ఫ్యాక్టరీ మేడమీద గది అది. బయట 'రొయ్యల నాణ్యతా సలహా కేంద్రం' అని బోర్డు. సలహా అడగడానికి ఇంతవరకూ ఒక్క రైతూ మెట్లెక్కలేదు. ఎక్కినా చెప్పడానికి చీఫ్ శ్యామలాంబకి రొయ్యల గురించి వేపుడు తప్ప ఏమీ తెలియదు. ఆవిడకి తెలిసిందల్లా ఏజెంట్లు, వాళ్ళ షుగర్ రిపోర్టులు, వాళ్ళని ఏ గోతిలోకి పంపాలన్నది.

ఆశీర్వాదానికి ఏభై ఏడేళ్ళు. ఇంటెలిజెన్స్‌లో ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. వారంలో ఆరు రోజులు అలిసిపోయి తిరుగుతాడు, ఏడో రోజు చర్చిలో ప్రసంగం మొదలవగానే నిద్రపోతాడు. పాస్టరు గారు కూడా లేపడం మానేశారు.

శ్యామలాంబ బల్ల మీదికి ఒక ఫోటో తోసింది. నల్ల కళ్ళద్దాలు, పట్టుచీర, ఎవరినైనా రెండోసారి చూసేలా చేసే నవ్వు.

"దుర్గాశ్రీ. నువ్వే తెచ్చావు ఈ అమ్మాయిని."

"ఎనిమిదేళ్ళయిందండి."

ఒక హోటల్ రిసెప్షన్‌లో నాలుగు భాషలు మాట్లాడుతున్న పిల్లని చూసి, దేశం కోసం అని చెప్పి ఈ ఊబిలోకి దింపింది తనే. నిన్ను బయటికి తీసుకొచ్చే బాధ్యత నాదని మాటిచ్చింది కూడా తనే. ఇప్పుడామె యానాంలో రొయ్యల ఎక్స్‌పోర్ట్ ఏజెంటు. పైకి అది. లోపల హాలన్ అనే విదేశీ గూఢచారికి మన తీరం రాడార్ల డ్రాయింగులు అమ్మే ద్రోహి. ఇంకా లోపల మన మనిషి. ఆ డ్రాయింగుల్లో ప్రతి గీతా శ్యామలాంబ మనుషులు గీసిన అబద్ధమే.

"రేపు హాలన్ ఆఖరి సెట్ తీసుకుని పడవెక్కుతున్నాడు," అంది చీఫ్. "సముద్రంలో వాళ్ళ షిప్పు. షిప్పులో వాళ్ళ ఇంజినీరు. ఆ డ్రాయింగులు అన్నీ ఒకచోట పెట్టి చూశాడంటే పది నిమిషాల్లో తెలిసిపోతుంది, ఆ రాడారుకి కాకి కూడా దొరకదని."

"దుర్గాశ్రీ?"

"తననీ షిప్పుకి రమ్మంటున్నాడు. కాదంటే అనుమానం. ఎక్కిందా, ఇక తిరిగి రాదు."

ప్లాన్ మామూలుగానే చాలా సులువుగా ఉంది. యానాం నుంచి కారు ఒక రొయ్యల చెరువుల గట్టు మీదుగా పడవ ఆగే నదీపాయ దగ్గరికి వెళ్ళాలి. దారిలో దుర్గాశ్రీ సరుకు శాంపిల్ చూడాలని కారు ఆపిస్తుంది. మేత షెడ్డు వెనక్కి వెళుతుంది. అక్కడ నీళ్ళ టెక్నీషియన్ వేషంలో ఆశీర్వాదం, అతని బైకు. ఆటు పోటు చూసుకుని నాలుగున్నరకి కదలాల్సిన పడవ కోసం హాలన్ ఆమెని వెతుక్కుంటూ కూర్చోడు. తర్వాత వాణ్ణి కోస్ట్‌గార్డ్ సముద్రంలో చూసుకుంటుంది.

"వెపన్?" అన్నాడు ఆశీర్వాదం.

ఆవిడ ఒక ప్లాస్టిక్ పెట్టె ఇచ్చింది. నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే మీటరు పెట్టె. మీటరు కింద రెండు ముక్కలుగా విప్పిన సన్నటి రైఫిలు, సైలెన్సరు, పది తూటాలు. ఒక్కొక్కటీ చిటికెనవేలి గోరుకంటే కాస్త పొడవు.

"మళ్ళీ ట్వంటీ టూ బోరేనా అండీ?"

"చప్పుడుండదు. తన్నదు. నీ భుజానికి మంచిది."

"మనిషిని ఆపదండీ."

"నువ్వు కాల్చక్కర్లేదు. ఊరికే ధైర్యానికి."

"ధైర్యానికైతే నైన్ ఎమ్ఎమ్ పిస్తోలు ఇప్పించండి."

"నైన్ ఎమ్ఎమ్ పేలితే మూడూళ్ళు వింటాయి. ఇది పేలితే చెరువు మీద పిట్టల్ని తోలుతున్నారనుకుంటారు. వెళ్ళు."

ట్వంటీ టూ మీద ఆశీర్వాదానికి కోపం లేదు, నమ్మకం లేదు, అంతే. అది రిమ్‌ఫైర్ తూటా. పెద్ద తూటాలకి నిప్పు రాజేసే మందు అడుగున మధ్యలో ఒక బొట్టులో ఉంటుంది. దీనికి అడుగు అంచు చుట్టూ సన్నగా పాముతారు. ఆ పూత ఒక మూల సరిగా అంటకపోతే, పిన్ను సరిగ్గా ఆ మూల కొడితే, టిక్కుమంటుంది తప్ప పేలదు. నూటికి ఒకటి అలాంటిది తగులుతుంది. ట్రైనింగులో అది నవ్వులాట. డ్యూటీలో ఆ ఒక్కటీ ఎప్పుడొస్తుందో ఎవడికీ తెలియదు.

పేలినా బాధే. పద్నాలుగేళ్ళ కిందట పారాదీప్‌లో ఒకణ్ణి ఇదే ట్వంటీ టూతో మూడుసార్లు కొట్టాడు. మూడూ ఛాతీలోనే తగిలాయి. వాడు వంద గజాలు పరుగెత్తి, ఆశీర్వాదం పార్ట్‌నర్ సుకుమార్‌ని కత్తితో పొడిచి చంపి, మర్నాడు మధ్యాహ్నం ఆస్పత్రిలో ప్రశాంతంగా పోయాడు. ట్వంటీ టూ మనిషిని చంపుతుంది. కాకపోతే దాని తీరిక చూసుకుని చంపుతుంది. సుకుమార్‌ని సమాధి చేసిన రోజు నుంచి ఆశీర్వాదం ఆ మాట ఎంతమందికి చెప్పాడో. విన్నవాళ్ళంతా నవ్వారు, అతను మాత్రం నవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకి ఆశీర్వాదం మేత షెడ్డు పక్కన నీళ్ళలో మీటరు ముంచి కూర్చున్నాడు. కనుచూపు మేర చెరువులే. అల్పపీడనం పట్టి రెండు రోజులైంది, ఎండ మొహం చూసినవాడు లేడు. ఎండ లేకపోతే నీళ్ళలో ఆక్సిజన్ తయారుకాదు. అందుకని పగలు కూడా ప్రతి చెరువులో ఏరేటర్లు చక్రాలు తిప్పుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆ హోరులో పక్కవాడి మాట కూడా గట్టిగా అంటేనే వినబడుతోంది. అవతల ఎవరో నీటికాకుల్ని తోలడానికి టపాకాయ పేల్చారు. ఎవరూ తలెత్తి చూడలేదు.

చెరువు ఆసామి వీరవెంకటసత్యనారాయణ గట్టు మీద అసహనంగా తిరుగుతున్నాడు. ఆ పేరంతా పిలిచే ఓపిక ఊళ్ళో ఎవరికీ లేక వీరబాబు అంటారు.

"డీవో ఎంతుందండీ టెక్నీషియన్ గారూ?"

"ఆక్సిజన్ మూడున్నరండి."

"ఓరి నాయనో. ఈ మబ్బులో కరెంటు గానీ పోయిందంటే అరగంటలో రొయ్యంతా పైకి తేలిపోద్దండి. రాత్రి నుంచీ కన్ను మూయలేదు, ఆయ్."

ఆశీర్వాదం ఫోన్ మోగింది. దుర్గాశ్రీ. కోడ్ ప్రకారం 'ముప్పై కౌంట్ వచ్చింది', అదే కిలోకి ముప్పై రొయ్యలు, అంటే అంతా బాగుందని. 'వైట్ స్పాట్' అంటే దొరికిపోయానని. రొయ్యల మాటల్లో అది చెరువుని తుడిచిపెట్టే తెగులు, ఏ రైతుకీ వినబుద్ధి కాని మాట.

"బాబాయ్‌గారూ," అంది దుర్గాశ్రీ. గొంతు నవ్వుతూనే ఉంది. "శాంపిల్ చూడ్డానికి ఆగట్లేదండీ. మాకు వేరే చోట వైట్ స్పాట్ వచ్చిందండీ. ఉంటానండీ."

ఫోన్ కట్టయింది.

హాలన్‌కి అనుమానం వచ్చేసింది. కారు ఆగదు. షెడ్డు, బైకు, ప్లాన్ అన్నీ నీళ్ళపాలు. చీఫ్‌కి ఫోన్ చేస్తే కోస్ట్‌గార్డ్ ఐదింటికి గానీ రాదంది.

దూరంగా వంతెన మీద తెల్ల కారు కనబడింది. నాలుగూ పద్దెనిమిది. గట్టు మీద గుంటల్లో నడిచినా ఆరేడు నిమిషాల్లో పాయ దగ్గర ఉంటుంది.

షెడ్డు వెనక్కి వెళ్ళి రైఫిలు బిగించాడు. చేతులు వాటి పని అవి చేశాయి. బుర్ర మాత్రం ముసలి గుమస్తాలా ఒక్కొక్క దారీ కొట్టేస్తూ పోయింది. టైరుని కొడితే? పడవెక్కాక గాలి దిగుతుంది. డ్రైవర్ని కొడితే? కారు అద్దం ఏటవాలు, ఈ బుల్లి తూటా పక్కకి జారుతుంది. హాలన్‌ని కొడితే? వాడు వెనక సీట్లో ఆమె పక్కనే, ఆమె డొక్కకి పిస్తోలు ఆనించి ఉంటాడు. వాడు తీరిగ్గా చచ్చేలోపు ఆమె ముందే పోతుంది. సుకుమార్ మొహం గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ళ కిందటి ఆ రిసెప్షన్ పిల్ల మొహమూ గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది ఆశీర్వాదానికి. ఈ వయసులో, ఈ మోకాలితో, ఈ బొమ్మ తుపాకీతో తనని ఇక్కడ కూర్చోబెట్టిన దేవుణ్ణి ఒక మాట అనాలనిపించింది.

తల పైకెత్తాడు. గట్టు మలుపులో, ఎనభై గజాల దూరంలో, ట్రాన్స్‌ఫార్మరు స్తంభం. పైన వరసగా మూడు పింగాణీలు, వాటికి బిగించిన తీగలు. ఆ లైను మీదే రెండొందల చెరువులు నడుస్తున్నాయి.

మనిషిని ఆపలేని తుపాకీ. కానీ తన్నదు, చెదరదు, పెట్టిన చోటే కొడుతుంది.

"క్షమించండి వీరబాబు గారూ," అని తనలో తనే అనుకుని, రైఫిలు మేత బస్తా మీద ఆనించాడు. మొదటి తూటాకి పింగాణీ అంచు కొంచెం ఎగిరింది. గాలి ఎడమ నుంచి ఉంది. అరచెయ్యి వెడల్పు జరిపి రెండోది వదిలాడు. పింగాణీ రెండు ముక్కలైంది. తీగ ఊడి ఇనుప అడ్డకమ్మి మీద పడింది. నీలం మెరుపు, ఫట్టుమని ఒక చప్పుడు. లైన్ ట్రిప్ అయింది.

ఏరేటర్లు ఆగిపోయాయి. ఒక చెరువులో కాదు, రెండొందల చెరువుల్లోనూ ఒకేసారి ఆగిపోయాయి. రెండు రోజులుగా ఆ గట్ల మీద ఉన్న హోరు పోయేసరికి కప్ప అరుపు వినబడింది. ఆ తర్వాత వినబడింది వీరబాబు కేక.

"కరెంటు పోయిందిరోయ్!"

ఆ కేకకి మూడు వైపుల నుంచీ కేకలు బదులొచ్చాయి. షెడ్లలోంచి, పాకల్లోంచి, కాఫీ హోటల్లోంచి మనుషులు లేచారు. లుంగీలు ఎగగట్టి పరుగులు, బైకులు, ట్రాక్టర్ల వెనక కట్టిన జనరేటర్లు. మూడు నిమిషాల్లో ఆ ఒంటి గట్టు మీద ఊరు ఊరంతా దిగింది. తెల్ల కారు మలుపు తిరిగి, జనరేటరు లాక్కొస్తున్న ట్రాక్టరుకి ఎదురుపడి ఆగింది. వెనక్కి పోదామంటే ముప్పై బైకులు.

డ్రైవరు హారన్ కొట్టాడు. వీరబాబు అద్దం మీద దబదబా బాదాడు.

"కారు పక్కకి తియ్యండి బాబూ! రొయ్య చచ్చిపోతంది!"

అద్దం దిగింది. హాలన్ ఎర్రటి మొహం, చేతిలో నల్లటి నైన్ ఎమ్ఎమ్. అది వీరబాబు ముక్కుకి జానెడు దూరంలో ఆగింది. నాలుగు దేశాల్లో మంత్రులు దాన్ని చూసి చేతులెత్తారు.

"తుపాకీ తర్వాత చూపిద్దురు గానీ," అన్నాడు వీరబాబు, "ముందు కారు తియ్యండి!"

పిస్తోలు డొక్క మీద నుంచి తప్పుకున్న ఆ క్షణం దుర్గాశ్రీకి చాలింది. అవతలి తలుపు తోసి బయటికి దూకింది. చెప్పు జారి మోకాళ్ళ మీద పడింది. హాలన్ సీటు మీదుగా అటు తిరిగి పిస్తోలు ఆమె వీపుకి గురిపెట్టాడు.

షెడ్డు మూల నుంచి ముప్పై గజాలు. హాలన్ మణికట్టు ఆశీర్వాదానికి గురి మధ్యలో స్పష్టంగా కనబడింది. ట్రిగ్గర్ నొక్కాడు.

టిక్.

నూటికి ఆ ఒక్కటి.

ఆశీర్వాదం కళ్ళు మూసుకోలేదు. ఏం జరిగినా చూడాల్సింది తనే అనుకున్నాడు. అప్పుడే వీరబాబు "ఎత్తండ్రా!" అన్నాడు. గట్టు మీది చేతులన్నీ కలిసి కారుని ఒక పక్కనించి లేపి, అడ్డంగా పడిన వరి బస్తాని నెట్టినంత మామూలుగా చెరువులోకి దొర్లించాయి. నైన్ ఎమ్ఎమ్ కారు కప్పులోకి పేలింది. మూడూళ్ళు విన్నాయి. కొంగలు లేచాయి. మనుషులెవరూ వెనక్కి తిరిగి చూడలేదు, వాళ్ళకి జనరేటర్లు తోలుకుపోవాల్సిన తొందరుంది.

నాలుగూ ఇరవై ఎనిమిది. పాయలో పడవ హాలన్ కోసం ఒక కూత కూసింది. హాలన్ ఛాతీ లోతు నీళ్ళలో, డ్రాయింగులున్న లాప్‌టాప్ బురదలో, పిస్తోలు ఎక్కడో తెలియకుండా నిలబడి ఉన్నాడు. డ్రైవర్ని నలుగురు రైతులు పట్టుకుని, ఎవరి చెరువు మీదికి కారు తెచ్చావురా అని అడుగుతున్నారు. పోలీసులకి ఫోన్ వాళ్ళే చేశారు.

దుర్గాశ్రీ కుంటుకుంటూ షెడ్డు వెనక్కి వచ్చింది. కళ్ళద్దాలు లేవు. పట్టుచీర మోకాళ్ళ దాకా బురద. ఆశీర్వాదం చొక్కా పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. అతనూ ఆపుకోలేదు.

"బతికే ఉన్నాను కదండీ బాబాయ్‌గారూ?"

"ఉన్నావమ్మా. ఇంక చాలు. ఇంటికెళ్ళిపోదాం."

ఫోన్ మోగింది. చీఫ్.

"కోస్ట్‌గార్డ్ పడవని చూస్తుంది. నీ మెసేజ్ చదివాను. మీరిద్దరూ ఇంకా అక్కడేం చేస్తున్నారు? మిషన్ అయిపోయింది కదా?"

ఆశీర్వాదం చెరువు వైపు చూశాడు. జనరేటరు అందిన చోట చక్రాలు తిరుగుతున్నాయి, అందని చోట మనుషులు మెడ లోతు దిగి చేతుల్తో నీళ్ళు చిమ్ముతున్నారు. ఆ పింగాణీ పగలగొట్టింది తనే.

"మనది అయిపోయిందండి. రొయ్యలది ఇంకా అవ్వలేదు."

మీటరు తీసుకుని గట్టెక్కాడు. ఒక్కో చెరువు దగ్గరా నీళ్ళలో ముంచి, ముందు జనరేటరు ఎవరికి పంపాలో వీరబాబుకి కేకేసి చెబుతూ పోయాడు. దుర్గాశ్రీ వెనకే నడుస్తూ అంకెలు కాగితం మీద వేసుకుంది. రెండు పాయింట్ తొమ్మిది. మూడు. మూడు పాయింట్ రెండు. ఎనిమిదేళ్ళలో ఆమె చేతుల మీదుగా వెళ్ళిన కాగితాల్లో నిజాలున్నది ఇదొక్కటే, అదీ రొయ్యల గురించి.