గైడులో లేని అమ్మ

“మా అమ్మ తెల్లవారకముందే లేస్తుంది. వాకిట్లో ముగ్గు వేస్తుంది. నుదుట కుంకుమ దిద్దుకుని తులసికోట చుట్టూ తిరుగుతుంది...”

వినీల అక్కడిదాకా చదివేసరికి వెనక బెంచీలో ఎలీషా పకపకా నవ్వాడు.

“మీ మూడో అంతస్తులో తులసికోట ఎక్కడుందే?”

“ఆంటీ కుంకుమ ఎప్పుడు పెట్టుకున్నారే?” పక్కనున్న జెస్సికా మెల్లగా అడిగింది.

ముగ్గురిదీ ఒకటే చర్చి. ఆ చర్చికి వచ్చే ఆడవాళ్లు బొట్టు పెట్టుకోరు. వినీల అమ్మా పెట్టుకోలేదు. ఆమె చనిపోయి నాలుగేళ్లయింది. అప్పటికి వినీలకు ఏడేళ్లు.

శనివారం అన్నాలు తిన్నాక ఆరో తరగతికి రచన పీరియడ్. ఇందిరాదేవి టీచర్ పెట్టిన నియమాలు రెండే. ఒక మనిషిని పది వాక్యాల్లో చూపించాలి. మంచిది, గొప్పది అని రాయకూడదు, ఆ మనిషి చేసే పనులు రాయాలి. ఇక విన్నవాళ్లు ‘బాగుంది’ అనకూడదు. ఒక ప్రశ్న అడగాలి.

“ఎలీషా, ప్రశ్న అడగమన్నాను. పళ్లు చూపించమనలేదు,” అంది టీచర్. వినీల నోట్‌బుక్ తీసుకుంది. “గైడులోదా?”

“అవును టీచర్.”

“గైడు రాసినాయన మీ అమ్మను చూశాడా?”

“లేదు టీచర్.”

“మరి ఆయన్నెందుకు అడిగావు?”

వినీల తల దించుకుంది. జవాబు లేక కాదు. తనకి అమ్మ సరిగ్గా గుర్తులేదు. గుర్తున్నవి రెండో మూడో. అవి కూడా ఒక్కొక్కటే పోతున్నాయి. ఆ సంగతి నలుగురిలో చెప్పడం కంటే గైడు చూసి రాయడం తేలిక.

టీచర్ పది వాక్యాల మీదా ఎర్రగీత కొట్టేసింది. జాలి పడలేదు. “వచ్చే శనివారం మళ్లీ చదువు. తెలియకపోతే తెలిసినవాళ్లను అడుగు.”

తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కడే. నాన్న యేసుకుమార్ ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పని చేస్తాడు. గోడ మీద అమ్మ ఫోటోకి రోజూ దుమ్ము తుడుస్తాడు. ఆమె మాట మాత్రం ఎత్తడు. ఎవరైనా ఎత్తినా లేచి వెళ్లిపోతాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అతను వంటింట్లో కూర్చుని కోడికూరకి వెల్లుల్లి ఒలుస్తున్నాడు. వినీల ఎదురుగా కూర్చుంది.

“డాడీ, అమ్మ గురించి పది వాక్యాలు రాయాలి.”

“రాసుకో.”

“నాకు తెలీదుగా.”

“పుస్తకంలో ఉంటాయిగా.”

“అవే రాశాను. టీచర్ కొట్టేశారు.”

నాన్న లుంగీకి చేతులు తుడుచుకుని నోట్‌బుక్ అందుకున్నాడు. ఎర్రగీత కింద అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

“కుంకుమా? మీ అమ్మా?” ఇంకాస్త చదివాడు. “మృదువుగా మాట్లాడేదా? ఎవరే ఈవిడ?”

వినీల బిక్కమొహం వేసింది.

“ఇలాంటి మనిషైతే ఇంటి ఓనరు మనకి నీళ్లిచ్చేవాడా? మోటారు పాడైందని వారం రోజులు తిప్పించాడు. మీ అమ్మ ఖాళీ బిందె పట్టుకెళ్లి వాళ్ల గుమ్మంలో కూర్చుంది. వచ్చినవాళ్లనల్లా పలకరించి మరీ చెప్పింది.”

“ఇంకా?”

“చర్చిలో పాట అందరికంటే ఒక లైను ముందు పాడేది. ఆగవే అంటే, వాళ్లనే తొందరగా రమ్మను అనేది. పాస్టర్ గారు కూడా ఆపలేకపోయారు.”

వినీల గట్టిగా నవ్వేసింది. నాన్న నవ్వలేదు.

“ఇప్పుడు పాట మరీ మెల్లగా సాగుతోంది,” అన్నాడు.

అలా అని మళ్లీ వెల్లుల్లి ముందేసుకున్నాడు.

“ఇంకా, డాడీ?”

“ఇవాళ్టికి చాలు. రేపు అడుగు.”

వినీల మర్నాడు అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. రోజుకొక్కటి చెప్పాడు. మధ్యలో ఒక రోజు ఏమీ చెప్పలేదు.

శనివారం వినీల లేచి నిలబడింది. పది వాక్యాలు లేవు. ఆరే ఉన్నాయి. ఆరూ చదివింది.

“ఓనరు నీళ్లు వదిలాడా మరి?” ఎలీషా అడిగాడు.

“ఆ సాయంత్రమే.”

జెస్సికా చెయ్యెత్తింది. “ఆంటీ నవ్వితే ఎలా ఉండేదో రాయలేదేం?”

వినీల నోరు తెరిచింది. ముత్యాలు, మల్లెమొగ్గలు, చందమామ అన్నీ వరసగా నాలుక మీదికొచ్చాయి. ఏది చెప్పినా ఎవరూ తప్పు పట్టరు. ఫోటోలో అమ్మ పెదాలు బిగించుకుని ఉంటుంది. వినీల చాలాసేపు వెతుక్కుంది.

“గుర్తులేదు,” అంది.



“అది రాయి,” అంది టీచర్.

వినీల కూర్చుని పెన్ను తీసింది. రాసింది. కొట్టేసింది. మళ్లీ రాసింది. లేచి చదివింది.

“మా అమ్మ రైతుబజారుకి చాలా వేగంగా నడిచేది. నేను కొంగు పట్టుకుని వెనకాల పరిగెత్తేదాన్ని. ముందు నుంచి వచ్చేవాళ్లని చూసి అమ్మ నవ్వేది. నాకు వినపడేది.”